ఎండబెట్టిన జొన్నాకు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వస్తే, టీ తాగుతూ ఒకటే అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" వాళ్లకు కావలసింది ఏదో మహా తెగులు రావడం, పంటలన్నీ మాడిపోవడం, మేం పరుగెత్తి కాపాడడం. అలాంటివి లేకపోలేదు. కానీ పని చేసుకుంటూ ఉన్నట్టుండి గుర్తొచ్చి నన్ను నిలబెట్టేసేది వేరే ఉంది. రెండు బర్రెలు చచ్చిపోయిన కేసు. పంటల తెగుళ్ల ల్యాబులో పనిచేసినదానివి, బర్రెలతో నీకేం పని అంటారా? నేనూ ఆ రోజు అదే అన్నాను, విసుక్కుంటూనే అన్నాను. నా విసుగు సంగతి నాతో పనిచేసినవాళ్లను అడగండి, కడుపునిండా చెబుతారు.

మా ల్యాబు రామగిరి వైపు, సెంటినరీ కాలనీ దాటాక, పాత కట్టడంలో రెండు గదులు. ముందు గదిలో మైక్రోస్కోపులు, వెనక గదిలో రసాయనాలు. రైతులు తెచ్చిన ఆకుల్లో ఏ శిలీంద్రం ఉందో చూడడం, అది ఆకు లోపల ఏమేం మార్చిందో కొలవడం మా పని. ఆకుమచ్చ తెగులు అంటే కంటికి కనిపించే మచ్చ ఒక్కటే కాదు. శిలీంద్రం లోపలికి దిగాక ఆకులో పచ్చదనం తగ్గుతుంది, చక్కెరలు పడిపోతాయి. ఆకు కూడా ఊరుకోదు, తనను కాపాడుకోవడానికి ఫినాల్స్ అనే పదార్థాలను ఎక్కువెక్కువగా తయారుచేసుకుంటుంది. మచ్చ పడిన ఆకూ పడని ఆకూ ఒకే మొక్కకు పక్కపక్కనే ఉన్నా, లోపల జరిగే వంట వేరు. ఈ ముక్క బుర్రకెక్కితే మా శాస్త్రంలో సగం వచ్చినట్టే.

బొగ్గు బెల్టులో ల్యాబు నడపడం మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పని చదువు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి నల్లపొడి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా సన్న తూకం యంత్రం మీద అంకెలు నిలిచేవి కావు. అందుకని తూకాలన్నీ బ్లాస్టింగ్ వేళకు ముందే ముగించేసేవాళ్లం. ఈ ఏర్పాటు పెట్టింది మా టెక్నీషియన్. ఆమె గోదావరిఖనిలో పుట్టి పెరిగిన మనిషి, తండ్రి గనిలో చేసి రిటైరయ్యాడు, భర్త వర్క్‌షాపులో మెకానిక్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో అక్కడి తెలుగు. పెద్దసారుతో మాత్రం పుస్తకాల తెలుగు మొదలుపెట్టి, సగంలో తనకే నవ్వొచ్చి ఆపేసేది. నేను ఎవరి మీదైనా కేకలేస్తుంటే, "అక్కకు ఆకలైతుంది, జల్ది ఒక బిస్కెట్ ఇయ్యుండ్రి" అనేది. అంతటితో నా కోపం సగం దిగిపోయేది.

పెద్దసారు మా ల్యాబు అధికారి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ప్రతి రిపోర్టునూ పెన్ను మూత పెట్టి మరీ ఒకసారి చదివి, తర్వాతే మూత తీసి సంతకం చేసేవారు. ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు, అంతకు మించి ఒక్క మాట వద్దు అనేవారు. మంచివారే. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో ఆయన మీద మీకు కోపం వచ్చే చోటు ఒకటుంది.

ఒక వానాకాలం, మొదట్లో వానలు దంచి కొట్టి, తర్వాత మొహం చాటేసిన ఏడాది, ఒకాయన న్యూస్‌పేపర్ పొట్లం పట్టుకుని వచ్చాడు. గనిలో పైకప్పు కూలకుండా ఆధారాలు కట్టే పని ఆయనది. ఊళ్లో కొద్దిగా భూమి ఉంది, డ్యూటీ పోను మిగిలిన సమయమంతా దాని మీదే. పొట్లం విప్పి బల్ల మీద జాగ్రత్తగా పరిచాడు.

"మేడం, గివి మా జొన్నాకులు. జర జూసి చెప్పాలె."

"ఏమైంది అన్నా?"

"రెండు బర్రెలు సచ్చినయ్. మేసి గట్టు దాటలే, కాళ్లు కొట్టుకుంట పడిపోయినయ్. నేను డ్యూటీల ఉన్న. ఫోన్ జేసేటాళ్లకు అయిపోయింది."

"పశువుల డాక్టరు ఉంటాడు కదా. మా దగ్గరికెందుకు వచ్చారు?"

"ఆయన వచ్చి జూసిండు మేడం. రక్తం మస్తు ఎర్రగున్నది, మేతలనే ఏదో ఉన్నట్టున్నది, పోయి మేత చూపిచ్చుకో అన్నడు. గందుకే వచ్చిన." ఆకు మీద వేలుపెట్టి చూపించాడు. "గిది జూడుండ్రి. ఎర్రగ చుక్కలు చుక్కలు. ఊర్లె అందరు మందు కొట్టిన చుక్కలు అంటున్నరు."

ఆకుల నిండా ఎరుపు, ఊదా కలిసిన మచ్చలు. నాకు నవ్వొచ్చింది. అది ఎవరో కొట్టిన మందు కాదు, జొన్న తనలోనే తయారుచేసుకునే రంగు. తెగులు పట్టిన చోట జొన్న ఆకు తన ఒంట్లోంచే ఎరుపు పదార్థాలు పుట్టించి, ఆ చోటును చుట్టేసి, శిలీంద్రం ముందుకు పాకకుండా ఆపుతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఎవరు కొట్టారంటున్నారు మందు?" అని అడిగాను.

ఆయన పేపరు అంచులు సరిచేస్తూ, "ముందుగాల మీరు జూడుండ్రి మేడం, తర్వాత ముచ్చట" అన్నాడు.

మా టెక్నీషియన్ ఆకు చేతిలోకి తీసుకుంది. అది గలగలలాడింది. "ఎండబెట్టినవా అన్నా?"

"మరి కుళ్లిపోవా అక్కా? ఫస్టు షిఫ్టు వారం పడ్డది. డ్యూటీ దిగి, తానం జేసి వచ్చేటాళ్లకు మీ ఆఫీసు బందైతది. ఆకుల కోసం మస్టర్ పోగొట్టుకుంటనా? సెకండు షిఫ్టు పడ్డంక వస్తున్న. బర్రెలు మేసినకాడనే తెంపి, అందాక మా ఇంటామె మిద్దె మీద ఆరబెట్టింది. ఒక్క ఆకు నలగనియ్యలే, జూడుండ్రి."

మస్టర్ అంటే ఒకరోజు హాజరు. ఆ బెల్టులో దానికున్న విలువ బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పెళ్లిచూపులైనా, దవాఖానకు పోవడమైనా, చుట్టాలను పరామర్శించడమైనా షిఫ్టు చూసుకునే. కాబట్టి ఆయన చేసింది మాకు వింతగా అనిపించలేదు. పైగా మెచ్చుకున్నాం. మామూలుగా రైతులు ప్లాస్టిక్ కవర్లో కుక్కి తెస్తారు, తెరిచేసరికి ముక్కు మూసుకోవాలి. ఈయన ఆకులు ఇస్త్రీ చేసినట్టున్నాయి. మా టెక్నీషియన్ అయితే, "గిట్ల తెచ్చేటోళ్లు ఒక్కలు లేరన్నా" అని మెచ్చుకుంది కూడా. ఆయన మొహంలో వచ్చిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మైక్రోస్కోపు కింద మచ్చల్లో కొడవలి ఆకారంలో శిలీంద్ర బీజాలు కనిపించాయి. ఆకుమచ్చ తెగులు, అందులో అనుమానం లేదు. ఇక మిగిలింది విషం సంగతి. జొన్నలో ఒక గుణం ఉంది, లేత వయసులో, నీళ్లు చాలనప్పుడు, అది సైనైడ్ విడిచే పదార్థాన్ని దాచుకుంటుంది. పాతకాలం రైతులు దాన్నే నాము అనేవాళ్లు. దాన్ని పట్టడానికి పసుపు కాగితం పరీక్ష చేస్తారు. పిక్రిక్ ఆమ్లంలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కను, నలిపిన ఆకు ఉన్న గాజు గొట్టంలో వేలాడదీసి, బిరడా బిగిస్తారు. సైనైడ్ ఆవిరి తగిలితే పసుపు కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. మేం పెట్టిన కాగితాలన్నీ సాయంత్రం దాకా పసుపుగానే ఉన్నాయి. పెద్దసారు రిపోర్టు చదివి, పెన్ను మూత తీసి సంతకం చేశారు. "ఆకుమచ్చ తెగులు ఉన్నది. విషపదార్థం కనిపించలేదు." మర్నాడు పొట్లం తెచ్చినాయన వచ్చి, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని సెకండు షిఫ్టుకు వెళ్లిపోయాడు. మేం వేరే పనుల్లో పడ్డాం.

కొన్నాళ్లకు ఒకామె వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. బొగ్గు కంపెనీ ఆఫీసులో ఫైళ్లు అందించే ఉద్యోగం, గనిలో చేసే భర్త జబ్బుతో పోతే ఆయన బదులు ఇచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది. ఫోన్ తీసి నా ముందు పెట్టింది. దాంట్లో మా రిపోర్టు ఫొటో. ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందట.

"మేడం, గిది మీరే రాసిన్రా?"

"సంతకం మా సారుది. అయితే ఏంటి?" అన్నాను. నా గొంతు అప్పుడు కూడా కటువుగానే ఉండి ఉంటుంది.

"ఆకుల విషం లేదని రాసిన్రు. ఆకుల లేకపోతె నేనే పెట్టిన్నంటున్నరు."

చచ్చిన బర్రెలు ఆమె బావవి, అంటే భర్త అన్నవి. పొట్లం తెచ్చినాయన ఆయనే. అన్నదమ్ముల పొలాలకు నడుమ ఒకటే గట్టు. తమ్ముడు పోయాక, ఆడమనిషివి ఎందుకు, కౌలుకియ్యి అని అందరూ అన్నా వినకుండా ఆమె తానే పత్తి వేసుకుంటోంది. బర్రెలు చచ్చిన ముందురోజు సాయంత్రం తన పత్తికి పురుగుమందు కొట్టింది. అందరూ చూశారు. అది చాలింది.

"మొదాలు మా బావ అస్సలు నమ్మలే మేడం. ఎవలన్న అంటె కసిరిండు, నా తమ్ముని పెండ్లాం గసోంటిది కాదన్నడు. గీ కాగితం వచ్చినంక ఆయన గూడ మాట బంద్ జేసిండు. పిలగాండ్లను నా వాకిట్లకు రానిస్తలేరు. పత్తి ఏరుటానికి ఒక్క కూలి మనిషి వస్తలేదు. నల్లా కాడ నేను బిందె పెడితె తక్కినోళ్లు ఎత్తుకుంటున్నరు." ఆమె ఏడవలేదు. చెప్పుకుంటూ పోయింది. "ఆదివారం నాడు పెద్దమనుషులు కూసుంటరట. భూమి బావకు అప్పజెప్పి, ఊరు ఇడిసిపెట్టి, కాలనీల క్వార్టర్ దొరికిచ్చుకొని పొమ్మంటరట. నేనెందుకు పోవాలె మేడం? ఏం జేసిన్నని పోవాలె?"

మా టెక్నీషియన్ నీళ్లిచ్చి, చెయ్యిపట్టి లోపలికి తెచ్చి కూచోబెట్టింది. నేను ఫోన్‌లో రిపోర్టు ఫొటోను మరోసారి చదివాను. మేం రాసింది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని ఊరు మరో రకంగా చదువుకుంది. ఆకులో లేదంటే మనిషి పెట్టిందే, ఇంతే వాళ్ల లెక్క.

ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "ఆ బర్రెలు అంతకుముందు ఏం మేసేవి?"

"గదే జొన్న. మచ్చలు పడి ఎండుతున్నదని బావ కంకి రాకముందే కోయిపిచ్చిండు. చొప్ప ఎండబెట్టి ఏసిండు. గన్ని రోజులు గదే తిన్నయ్, ఏం గాలే. గందుకే గద నా మీదికొచ్చింది. గన్ని దినాలు ఏం గానిది, నేను మందు కొట్టిన తెల్లారే ఎట్లయితది అంటరు."

"మరి ఆ రోజు ఏం తిన్నాయి?"

"తాడు తెంపుకొని చేన్ల పడ్డయ్. కోసిన మోళ్లకు పిలకలు లేసినయ్ గద, గవి మేసినయ్."

మా టెక్నీషియన్ నా వైపు తిరిగింది. "అక్కా... ఎండబెట్టింది తిని బతికినయ్."

"పచ్చిది తిని చచ్చాయి," అన్నాను. "మనకు వచ్చింది ఎండబెట్టిందే."

"యా అల్లా," అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు. జొన్న ఆకులో సైనైడ్ నేరుగా ఉండదు, చక్కెరతో ముడిపడి ఒక అరలో ఉంటుంది. ఆ ముడి విప్పే ఎంజైమ్ వేరే అరలో ఉంటుంది. ఆకు బాగున్నంతకాలం రెండూ కలవవు. పశువు నమిలితే కలుస్తాయి. తెగులు పట్టి కణాల గోడలు కూలినా కలుస్తాయి. ఎండబెడితే కూడా మెల్లగా కలిసి, పుట్టిన విషం గాలిలో కలిసిపోతుంది. అందుకే ఎండిన చొప్ప తిన్న బర్రెలకు ఏమీ కాలేదు. తెగులు వల్ల కోతకు ముందే కోయడం, కోశాక వాన ముఖం చాటేయడం, నీళ్లు లేని మోళ్ల నుంచి లేత పిలకలు రావడం, వాటికీ మళ్లీ తెగులు తగలడం, ఇవన్నీ కలిసి ఆ పిలకలను విషం చేసి ఉంటాయి. ఆ ఇంటావిడ ఒక్క ఆకు నలగకుండా మిద్దె మీద ఆరబెట్టింది కదా, మేం వెతికింది అక్కడే ఎండలో ఎగిరిపోయింది.

పెద్దసారు దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, "రిపోర్టులో తప్పేముందమ్మా? ఇచ్చిన నమూనాలో లేదు. లేదనే రాశాం" అన్నారు.

"తప్పు లేదు సార్. ఆ తప్పులేని కాగితం పట్టుకునే అక్కడ ఒక మనిషిని ఊళ్లోంచి పంపేస్తున్నారు."

"పంచాయితీలు తీర్చడం మన పని కాదు." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే, వెళతావు. రెండు రోజుల నుంచి ముసురు పడుతోంది. నీళ్లు తగిలితే ఆ పిలకలు ఎదుగుతాయి, విషం తగ్గిపోతుంది. ఊరంతా చూస్తుండగా అక్కడ కూడా నీ కాగితం పసుపుగా ఉండిపోతే? అప్పుడు ఆ అమ్మాయికి ఇంక దిక్కుందా?"

నాకు కోపం నషాళానికి అంటింది, ఎందుకంటే ఆయన అన్నది నిజం. వెళ్లకపోతే ఆమె పని సగం అయిపోయినట్టు, వెళ్లి పసుపే తేలితే పూర్తిగా అయిపోయినట్టు. ఈ సంగతి దాచకుండా ఆమెకే చెప్పాం. కాసేపు ఆలోచించి, "రాండ్రి మేడం" అంది. "ఇంత కంటె ఇంకేం చెడుతది నాకు?" పెద్దసారు జీపు ఇచ్చారు. ఊళ్లో ఎవరికీ ముందుగా ఏ మాటా ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పారు.

ఆదివారం మేం వెళ్లేసరికి ముసురు ఆగింది గానీ మబ్బు విడవలేదు. పొలాల వెనక గని నుంచి తీసి పోసిన మట్టిగుట్టలు తడిసి నల్లగా ఉన్నాయి. పెద్దమనుషులు బడి వరండాలో కూచోబోతున్నారు. ఏదైనా తేల్చేముందు చేను దగ్గరికి రండి, మాకు తెలిసింది చూపిస్తాం అన్నాను. గొణుక్కుంటూనే వచ్చారు. ఆమె బావ చేతులు కట్టుకుని చేను మొదట్లో నిలబడ్డాడు. నన్ను చూసి తలూపాడు. ఆమె తన పత్తి వైపు గట్టు మీద, అందరికీ దూరంగా నిలబడింది.

ముందు కోయకుండా వదిలేసిన అంచు మొక్కల నుంచి మచ్చలున్న ముదురాకు తీసి, కత్తిరించి, నలిపి గొట్టంలో వేశాను. కాగితం వేలాడదీసి బిరడా బిగించి, వెచ్చదనం కోసం గుప్పిట్లో పట్టుకున్నాను. అందరూ నా గుప్పిట వైపే చూస్తున్నారు. తెరిస్తే పసుపు. కావాలనుకుని చూస్తే అంచున కొంచెం నారింజ ఛాయ ఉందేమో, అంతే. తర్వాత మోళ్ల మధ్య నుంచి పిలకలు తీశాను. వానకు అప్పటికే మోకాలు దాటి, ముదిరి, కళగా ఉన్నాయి. వాటి గొట్టంలోనూ ఛాయ మారింది కానీ, ఎవరికీ చూపించి ఒప్పించగలిగేంత కాదు.

"అయిపాయె" అన్నారు వెనక నుంచి ఎవరో. "లేనిది యాడికెల్లి తెస్తరు?"

సర్వీసంతా ఎన్నో పరీక్షలు చేశాను, ఏది వస్తే అది రాసుకున్నాను, ఫలానాది రావాలని ఎన్నడూ కోరుకోలేదు. ఆ రోజు కోరుకున్నాను. మనస్ఫూర్తిగా కోరుకున్నాను. గట్టు మీద నిలబడ్డ ఆమె వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

మా టెక్నీషియన్ అప్పటికే చేనంతా కలియతిరుగుతోంది. ఒక మూల నేల ఎత్తుగా, రాళ్లతో ఉంది, వాన నీరు నిలవకుండా జారిపోయే చోటు. అక్కడి మోళ్లకు జానెడు కూడా లేని పిలకలు, వాటి మీద కొత్తగా పడిన ఎర్రమచ్చలు. "అక్కా, ఇటు రా" అని కేకేసింది. అవి తుంచి అక్కడికక్కడే నలిపాం. గొట్టం ఆమె పట్టుకుంది, నన్ను పట్టుకోనివ్వలేదు.

కాసేపటికి కాగితం కింది అంచు నారింజ రంగయింది. ఆ రంగు మెల్లగా పైకి పాకి, చూస్తుండగానే కాగితమంతా ఇటుక రంగుకు తిరిగింది. మరో గొట్టం పెట్టాం, అదీ అంతే. గుంపులో ఒక ముసలాయన ముందుకు వంగి చూసి, "గిది నామే గదరా" అన్నాడు. "కాని నాము ఎండలకు, చిన్న జొన్నకు వస్తది. కోసిన చేనుకు, గీ వానకాలంల వస్తదా?"

వస్తుంది తాతా అని చెప్పాను. తెగులు రావడం, ముందే కోయడం, వాన వెనక్కి పోవడం, పిలకలు, ఎండబెట్టిన చొప్పలో విషం ఎందుకు పోయింది, మా ల్యాబులో ఎందుకు దొరకలేదు, అన్నీ చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను.

అంతా విన్నాక ఒకాయన, "గట్లయితె ఆమె మందు కొట్టే డ్రమ్ము గూడ తెప్పిస్తం. అండ్ల నీళ్లు గూడ జూడుండ్రి, తేలిపోతది" అన్నాడు.

మా టెక్నీషియన్ నా చెవిలో, "చూపించేయ్ అక్కా. పసుపే ఉంటది. వాళ్ల నోళ్లు మూతపడతయ్" అంది.

ఉంటుంది, నాకూ తెలుసు. ఆ కాగితానికి పురుగుమందు తెలియదు. దానికి తెలిసింది సైనైడ్ ఒక్కటే. డ్రమ్ము నిండా పురుగుమందు పోసినా అది పసుపుగానే ఉంటుంది. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. కానీ ఆ ఊళ్లో ఒకసారి మా కాగితం చేసిన పని చాలు. "ఇది దానికి పనికిరాదు. చేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది" అన్నాను.

ఆయన మళ్లీ ఏదో అనబోయాడు. బావ చెయ్యెత్తి ఆపాడు. "చాలు కాకా. ఇగ చాలు. నా బర్రెలు సచ్చినయ్, గవి నా చేన్లనే ఉన్న పిలకలు తిని సచ్చినయ్. ఇంక ఆమె ముచ్చట ఎవ్వలు తీసినా నేనూరుకోను." ఆ మాట గట్టిగానే అన్నాడు, అందరికీ వినపడేలా అన్నాడు. పెద్దమనుషులు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. బడి వరండాకు మళ్లీ ఎవరూ వెళ్లలేదు.

ఆయన మా దగ్గరికొచ్చి, కాగితం ఎర్రబడ్డ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "మంచిగ తెచ్చిన్ననుకున్న మేడం" అన్నాడు.

"మంచిగానే తెచ్చారన్నా. పచ్చివి కావాలని మేం చెప్పలేదు, అంతే."

"మీరే పోయి ఆమెకు చెప్పుండ్రి. గిప్పటికిప్పుడు నేను పోయి మాట్లాడుటానికి నాకు మొఖం లేదు." ఆ మాట అనేటప్పటికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

గొట్టం పట్టుకుని గట్టు వైపు నడిచాను. ఇప్పుడు చెబితే సిగ్గుగా ఉంటుంది గానీ, అప్పుడు నాలో సంతోషం పొంగుతోంది. ఇంతకాలం చేసిన ఉద్యోగానికి ఈ ఒక్క రోజు చాలనుకున్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను. దగ్గరికెళ్లి గొట్టం చూపిస్తూ, "అమ్మా, చూడు. నువ్వు చెయ్యలేదని తేలిపోయింది" అన్నాను.

ఆమె గొట్టం వైపు చూడలేదు.

"నేను జెయ్యలేదని నాకు తెల్వదా మేడం? గది వాళ్లకు చూపియ్యాలె, చూపిచ్చిన్రు. మంచిగైంది." కొంగు భుజం మీదికి లాక్కుని, రాళ్ల మూల వైపు చూసింది. "ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి. గా మూలకు గా నాలుగు పిలకలు లేకపోతె, మీ కాగితం పసుపుగనే ఉండేది గద?"

"ఉండేదే" అన్నాను.

"గట్లుంటె నేను పెట్టినట్టేనా?"

"అయ్యో, కాదమ్మా. అస్సలు కాదు. మాకు దొరకలేదంటే, దొరకలేదనే అర్థం. అంతకుమించి ఏమీ లేదు."

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"గా ఒక్క మాట అప్పుడే గా కాగితంల రాసుంటె అయిపోతుండె గద మేడం" అంది. అని గట్టు దిగి, ఏరేవాళ్లు లేక తడిసి వేలాడుతున్న తన పత్తి చేలోకి వెళ్లిపోయింది.